ఒంటి సత్తువ, మెదడు చురుకు: రెండూ కలిసి తగ్గితే

పెద్దవయసులో నడక నెమ్మదిస్తుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తుకు రాదు, చెప్పిన మాటే మళ్లీ చెబుతారు. ఇవి కనిపించగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘వయసు మీద పడింది కదా, మామూలే’. ఈ మాటలో కొంత నిజం ఉంది. వయసుతో శరీరం మారుతుంది. కానీ అందరిలో ఒకే తీరున మారదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు 75 ఏళ్లవారికి ఒకే వైరల్ జ్వరం వస్తే, ఒకరు వారంలో లేచి మళ్లీ సంతకు వెళ్తారు. మరొకరు మంచం పడతారు, లేవబోయి పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత మునుపటి మనిషి కారు. ఇద్దరి వయసూ ఒకటే, జబ్బూ ఒకటే. తేడా జ్వరంలో లేదు, దానికి ముందు శరీరంలో మిగిలి ఉన్న సత్తువలో ఉంది.

ఈ తేడాకు వైద్యశాస్త్రం పెట్టిన పేరు ఫ్రెయిల్టీ. తెలుగులో దుర్బలత అనవచ్చు. ఇది ఫలానా అవయవానికి వచ్చిన జబ్బు కాదు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, మెదడు, హార్మోన్లు, రోగనిరోధక వ్యవస్థ అన్నింటిలోనూ అదనంగా ఉండే సామర్థ్యం కొంచెం కొంచెంగా కరిగిపోయి, చిన్న దెబ్బను కూడా తట్టుకోలేని స్థితి. ఈ సన్నగిల్లడం ఒంటికే పరిమితం కాదని, మెదడుకూ వర్తిస్తుందని, రెండూ ఒకదానినొకటి కిందికి లాగుతాయని గత 25 ఏళ్ల పరిశోధనలు చూపిస్తున్నాయి.

రాయ్‌పూర్‌కు ఎందుకు ముఖ్యం

2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్లు. 2050 నాటికి ఈ సంఖ్య దాదాపు 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన భారత వృద్ధాప్య నివేదిక అంచనా వేసింది. కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలతో పోలిస్తే ఛత్తీస్‌గఢ్ ఇంకా యువ రాష్ట్రమే. అయితే అక్కడ వృద్ధాప్యం వచ్చే తీరు వేరు. చిన్ననాట చాలీచాలని తిండి, బడికి వెళ్లని బాల్యం, పొలంలోనో ఇటుక బట్టీలోనో దశాబ్దాల కూలి పని, కట్టెల పొయ్యి పొగ – ఇవన్నీ తోడైన శరీరం 60 ఏళ్లకే 70 ఏళ్ల శరీరంలా ప్రవర్తించవచ్చు. రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్‌లో ఇంకో చిత్రం ఉంటుంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో ఉక్కు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు ఉన్నాయి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యత మెరుగుపరచాల్సిన నగరాల జాబితాలో ఈ నగరం కూడా ఉంది. మధుమేహం, రక్తపోటు మోసుకుంటూ ముదిమికి చేరుతున్న మధ్యతరగతి ఒకవైపు, పల్లెల నుంచి వైద్యం కోసం వచ్చే వృద్ధులు మరోవైపు. 2012లో మొదలైన ఎయిమ్స్, 1963 నుంచి ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ వైద్య కళాశాల ఇక్కడే ఉండటంతో ఈ రెండు రకాల వృద్ధాప్యాలూ ఒకే ఆసుపత్రి వరండాలో ఎదురుపడతాయి.

దుర్బలతను ఎలా కొలుస్తారు?

‘బాగా నీరసించిపోయారు’ అన్న మాటను కొలతగా మార్చిన ఘనత అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందానికి దక్కుతుంది. 65 ఏళ్లు దాటిన 5,317 మంది వివరాలను పరిశీలించి 2001లో వారు ఐదు గుర్తులను ప్రతిపాదించారు. ప్రయత్నించకుండానే ఏడాదిలో సుమారు నాలుగున్నర కిలోల బరువు తగ్గడం, ఏ పని చేయాలన్నా ఓపిక లేదనిపించడం, పిడికిలి పట్టు సడలడం, నడక వేగం తగ్గడం, రోజువారీ శారీరక శ్రమ తగ్గడం. వీటిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దుర్బలత ఉన్నట్టు. ఒకటో రెండో ఉంటే దానికి ముందు దశలో ఉన్నట్టు. ఆ అధ్యయనంలో దాదాపు 7 శాతం మందిలో దుర్బలత కనిపించింది. తర్వాతి సంవత్సరాల్లో కింద పడటం, ఆసుపత్రి పాలవడం, మరణించడం వారిలోనే ఎక్కువగా జరిగింది.

అదే కాలంలో కెనడాకు చెందిన కెన్నెత్ రాక్‌వుడ్, ఆర్నాల్డ్ మిట్నిట్‌స్కీ మరో దారి పట్టారు. ఏ లోపం ఉందన్నదాని కన్నా ఎన్ని లోపాలు పోగుపడ్డాయన్నది ముఖ్యమన్నారు. చూపు, వినికిడి, మధుమేహం, మోకాళ్ల నొప్పి, స్నానానికి సాయం అవసరం కావడం, మతిమరుపు – ఇలా ఒక 40 అంశాల జాబితా తీసుకుని, అందులో ఒకరికి 10 లోపాలు ఉంటే వారి దుర్బలత సూచిక 10ని 40తో భాగిస్తే వచ్చే 0.25. ఈ సూచిక సుమారు 0.7 దాటినవారు దాదాపు కనిపించరు. అన్ని లోపాలతో శరీరం నిలబడలేదని దాని అర్థం. మొదటి పద్ధతి శరీరం ఎంత సన్నగిల్లిందో చెబితే, రెండోది మొత్తం ఎంత భారం మోస్తోందో చెబుతుంది.

మన దేశంలో ఇలాంటి కొలతలు పెద్ద ఎత్తున తీసుకున్నది దీర్ఘకాల వృద్ధాప్య అధ్యయనం. దీన్ని లాసీ అంటారు. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్న ఈ అధ్యయనం మొదటి విడతలో, 2017–18లో, 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా కలిసింది. వారిలో 31,464 మంది 60 ఏళ్లు పైబడినవారు. వారిని ప్రశ్నలు అడగడంతో సరిపెట్టలేదు. పిడికిలి పట్టు, నడక వేగం, శరీర తూకం, ఊపిరితిత్తుల సామర్థ్యం ఇంటి దగ్గరే కొలిచారు. జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. ఛత్తీస్‌గఢ్ కుటుంబాలూ ఇందులో ఉన్నాయి.

మెదడు వైపు నుంచి చూస్తే

2013లో వృద్ధాప్య నిపుణుల అంతర్జాతీయ బృందం ఒకటి మేధో దుర్బలత అన్న భావనకు నిర్వచనం ఇచ్చింది. శారీరక దుర్బలతతో పాటు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచన వేగం కొంత తగ్గి ఉండాలి. కానీ అది డిమెన్షియా అయి ఉండకూడదు. అంటే మతిమరుపు ఉన్నా, మనిషి ఇంకా తన పనులు తాను చేసుకోగలుగుతున్న దశ అన్నమాట.

ఈ మధ్య దశకు పేరు పెట్టడం వల్ల ఒరిగేదేమిటి? డిమెన్షియా ముదిరాక పోయిన సామర్థ్యాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చే మందు ఇప్పటికీ లేదు. దుర్బలత మాత్రం రెండు వైపులా కదులుతుంది. ముందు దశలో ఉన్నవారు దిగజారనూ వచ్చు, తిరిగి గట్టిపడనూ వచ్చు. శారీరక దుర్బలత, మెదడు చురుకు తగ్గడం రెండూ ఉన్నవారికి డిమెన్షియా వచ్చే ముప్పు ఆ రెండింటిలో ఒక్కటే ఉన్నవారికన్నా ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంట్లో ‘చాదస్తం’ అని కొట్టిపారేసే దశే జోక్యానికి అనువైన సమయం.

లాసీకి అనుబంధంగా జరిగిన డిమెన్షియా అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు అది అంచనా వేసింది. పురుషుల కన్నా స్త్రీలలో, పట్టణాల కన్నా పల్లెల్లో, చదువుకున్నవారి కన్నా చదువు లేనివారిలో ఎక్కువగా ఉంది. ఆ మూడూ ఒకరిలోనే కలిసేది ఎక్కడ? ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రంలో పల్లెటూరి వితంతు వృద్ధురాలిలో.

కండకూ మెదడుకూ లంకె ఏమిటి?

నడక కాళ్ల పనిలా కనిపిస్తుంది. నిజానికి అది మెదడు పని కూడా. ఎదురుగా వస్తున్న సైకిల్‌ను చూడటం, గుంతను తప్పించడం, ఒక కాలి మీద బరువు నిలిపి మరో కాలు ఎత్తడం – ఇందులో ఏకాగ్రత, ప్రణాళిక, సమతుల్యత అన్నీ ఉన్నాయి. స్వీడన్ పరిశోధకులు 1997లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం దీన్ని తేలికగా చూపించింది. వృద్ధుల వసతిగృహంలో ఉన్న 58 మందితో పక్కన నడుస్తూ మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కింద పడ్డారు. మాట్లాడటానికి నడక ఆపాల్సి వస్తోందంటే, రెండు పనులకూ సరిపడా సామర్థ్యం మెదడులో మిగలలేదన్నమాట.

నడక వేగం తగ్గడం, దాంతోపాటు ‘మతిమరుపు వస్తోంది’ అని స్వయంగా అనిపించడం – ఈ రెండూ కలిసి ఉంటే డిమెన్షియా ముప్పు ఎక్కువని అమెరికాలోని భారతీయ సంతతి నాడీ వైద్యుడు జో వర్ఘీస్ బృందం 2013లో ప్రతిపాదించింది. కేరళలోని కోళికోడ్ వృద్ధులపైనా ఈ బృందం అధ్యయనం చేస్తోంది. ఖరీదైన స్కానింగ్ అవసరం లేకుండా, ఒక గడియారం, ఒక ప్రశ్నతో ముప్పును పసిగట్టవచ్చన్నది ఇందులోని ఆకర్షణ.

లోపల జరిగేది ఏమిటంటే, వయసుతో శరీరమంతటా ఒక సన్నని ఇన్‌ఫ్లమేషన్ రగులుతూ ఉంటుంది. గాయానికి వచ్చే వాపులా కాదు, నివురు కింద నిప్పులా. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్–6 వంటి పదార్థాలు పెరుగుతాయి. అవి కండరంలోని ప్రోటీన్‌ను కరిగిస్తాయి, మెదడు కణాల మధ్య సంకేతాలకూ అడ్డుపడతాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు అలిసిపోతాయి. మధుమేహం, రక్తపోటు ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడు లోతుల్లోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆలోచన వేగాన్ని, నడక లయను నడిపించే తంతువులు ఆ ప్రాంతాల గుండానే సాగుతాయి. ఇక కండరం వైపు నుంచి చూస్తే, పని చేసే కండరం రక్తంలోకి విడుదల చేసే కొన్ని పదార్థాలు మెదడుకు మేలు చేస్తాయి. కండ తగ్గితే ఆ మేలూ తగ్గుతుంది. కదలిక తగ్గిన మనిషి బయటికి వెళ్లరు, నలుగురితో మాట్లాడరు, ఆకలి మందగిస్తుంది, తిండి తగ్గుతుంది, కండ ఇంకా కరుగుతుంది. ఇలా ఒక సుడి తయారవుతుంది.

మంచం ఈ సుడిని ఎంత వేగంగా తిప్పుతుందో 2007లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కేవలం 10 రోజులు మంచం మీద ఉంచితే వారి కాళ్ల నుంచి దాదాపు కిలో కండ తరిగిపోయింది. న్యుమోనియాకో, ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరిన వృద్ధులను ‘కదలకండి, పడుకోండి’ అనడం ఎంత ఖరీదైన జాలో దీన్నిబట్టి తెలుస్తుంది. వైద్యుడు వద్దన్న సందర్భాల్లో తప్ప, మంచం దింపి కూర్చోబెట్టడం, నాలుగడుగులు వేయించడం చికిత్సలో భాగమే. దుర్బలంగా ఉన్నవారు ఆసుపత్రిలో ఒక్కసారిగా మతి చెదిరినట్టు మాట్లాడే ప్రమాదమూ ఎక్కువే. పాతకాలంలో ‘సంధి కొట్టింది’ అనే ఈ స్థితిని వైద్యులు డెలీరియం అంటారు. అది పిచ్చి కాదు. ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, పడని మందో దాని వెనక ఉంటుంది. కారణాన్ని వెంటనే వెతకాలి.

అక్షరం రాని వారి మెదడును ఎలా పరీక్షించాలి?

రాయ్‌పూర్ ఓపీలో మేధో దుర్బలతను గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. ప్రపంచమంతా వాడే జ్ఞాపకశక్తి పరీక్షలు చదవడం, వాక్యం రాయడం, బొమ్మ చూసి గీయడం, లెక్కలు చేయడం అడుగుతాయి. ఎన్నడూ పలక పట్టని వృద్ధురాలు వీటిలో తప్పితే అది మెదడు లోపమా, బడికి పంపని సమాజం లోపమా? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో జరిగిన భారత–అమెరికా అధ్యయనంలో దీనికి ఒక పరిష్కారం కనుగొన్నారు. నిరక్షరాస్యులైన హిందీ మాట్లాడేవారి కోసం ప్రత్యేక పరీక్షను తయారుచేసి 1995లో ప్రచురించారు. తేదీకి బదులు పొద్దు ఏ వేళ అని, వీధి పేరుకు బదులు ఊరి వివరాలు అడుగుతారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో ఇలాంటి పరీక్షల సంపుటిని రూపొందించింది. అయితే ఇంట్లో ఛత్తీస్‌గఢీయో గోండీయో మాట్లాడే మనిషిని హిందీలో పరీక్షిస్తే తడబాటు తప్పదు. ఆ తడబాటును మతిమరుపుగా లెక్కగట్టే ప్రమాదం ఉంటుంది.

ఈ చర్చలో తెలుగువారికి సంబంధించిన ఒక విశేషం ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ నగరానికి దగ్గర చేసింది. రైల్వే కొలువులకూ, కూలి పనులకూ, వ్యాపారాలకూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోని పెద్దలు ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతూ జీవితం గడిపారు. ఇలా భాషల మధ్య అటూ ఇటూ మారడం మెదడుకు వ్యాయామమా? హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కన్నా రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చినవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించడం ఆ అధ్యయనానికి ప్రాధాన్యం తెచ్చింది. భాష డిమెన్షియాను ఆపిందని దీని అర్థం కాదు. మెదడులో నిల్వ సామర్థ్యం పెరిగితే, లోపల నష్టం జరుగుతున్నా లక్షణాలు బయటపడటం ఆలస్యమవుతుందని శాస్త్రవేత్తల వివరణ.

కంచంలో ఏముంది?

ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నె అన్న పేరు ఉంది. మన చద్దన్నం లాంటి ‘బోరే బాసీ’ అక్కడి శ్రామికుల ఉదయపు భోజనం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చట్నీతో తింటారు. ఎండకు చలువ చేసే మంచి తిండే. చిక్కు అన్నంతో కాదు, అన్నం తప్ప ఇంకేమీ లేకపోవడంతో. పళ్లు ఊడి, నమలలేక, ఆకలి తగ్గి, ‘నాకెందుకు, పిల్లలకు పెట్టండి’ అనే స్వభావం తోడై వృద్ధుల కంచంలోంచి ముందుగా మాయమయ్యేది ప్రోటీనే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వృద్ధుల కండరం తిన్న ప్రోటీన్‌ను యువకుల కండరం అంత చురుగ్గా వాడుకోలేదు. అందుకే వారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని వృద్ధాప్య పోషణ నిపుణుల అంతర్జాతీయ బృందం 2013లో సూచించింది. 50 కిలోల మనిషికి ఇది 50 నుంచి 60 గ్రాములు. లెక్క వేస్తే, 250 గ్రాముల బియ్యం అన్నం తింటే 20 గ్రాములకు అటూఇటూగా వస్తుంది. రెండు పూటలా గిన్నెడు చిక్కటి పప్పు 14 గ్రాములు, ఒక గుడ్డు 6 గ్రాములు, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు 12 గ్రాములు కలిపితే లక్ష్యం అందుతుంది. పప్పు నీళ్లు కాదు, పప్పు తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ప్రోటీన్ ఎంత తీసుకోవాలో డాక్టర్‌నే అడగాలి.

మరో అంశం విటమిన్ బి12. ఇది పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోనే సహజంగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో మాంసం ముట్టని కబీర్‌పంథీ, సత్నామీ సంప్రదాయాల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో పాలకూ నోచుకోని పేద వృద్ధులకు బి12 లోపం వచ్చే అవకాశం ఎక్కువ. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారికీ ఈ ముప్పు ఉంది. బి12 తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. అచ్చం దుర్బలతలా కనిపిస్తుంది. ఒక రక్తపరీక్షతో తేలిపోయే, చికిత్సకు లొంగే లోపం ఇది. థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, ఎక్కువైన నిద్రమాత్రలు కూడా ఇలాగే ఏమారుస్తాయి. అందుకే ‘ముసలితనం’ అని తీర్మానించే ముందు వీటిని చూడాలి.

వెనక్కి మళ్లించవచ్చా?

కొంతమేర, అవును. అమెరికాలోని బోస్టన్‌లో సగటు వయసు 87 ఏళ్లున్న 100 మంది వృద్ధాశ్రమవాసుల మీద జరిగిన అధ్యయనం 1994లో ప్రచురితమైంది. పది వారాల పాటు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. కండబలం రెట్టింపుకు మించి పెరిగింది, నడక వేగం పెరిగింది. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే ఇచ్చినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఎంత మంచి తిండి పెట్టినా కండరానికి పని చెప్పకపోతే ఫలితం తక్కువేనని ఆనాడే తేలింది. 2014లో వెలువడిన మరో అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,635 మందిని సగటున రెండున్నరేళ్లకు పైగా గమనించారు. నడక, బలం, సమతుల్యత వ్యాయామాలు చేసినవారిలో నడక సామర్థ్యం కోల్పోయే ముప్పు, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికన్నా 18 శాతం తగ్గింది.

మెదడు విషయంలో దారి చూపింది ఫిన్లాండ్. డిమెన్షియా ముప్పు ఉన్న 60–77 ఏళ్ల 1,260 మందిలో సగం మందికి రెండేళ్ల పాటు ఆహార మార్పులు, వ్యాయామం, మెదడుకు శిక్షణ, రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ నిఘా కలిపి ఇచ్చారు. మిగతావారికి మామూలు సలహాలే. 2015లో వచ్చిన ఫలితాల్లో మొదటి బృందం ఆలోచనా సామర్థ్యం ఎక్కువ మెరుగుపడింది. అదే నమూనాతో అమెరికాలో 2,111 మందిపై జరిగిన అధ్యయనం 2025లో ఇలాంటి ఫలితాన్నే చూపింది. అక్కడ సొంతంగా పాటించినవారూ మెరుగుపడ్డారు, క్రమబద్ధమైన పర్యవేక్షణలో ఉన్నవారు ఇంకొంచెం ఎక్కువ మెరుగుపడ్డారు. ఈ లాభాలు అద్భుతాలు కావు. కానీ ఏ ఒక్క మాత్రా ఇంతవరకు చేయలేని పని ఇది.

ఇంట్లోనే గమనించదగ్గవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ఐకోప్ కరదీపిక ఆరు సామర్థ్యాలను చూడమంటుంది. ఎవరైనా నేర్చుకుని చేయగల పరీక్షలివి.

జ్ఞాపకం: మూడు మామూలు మాటలు చెప్పి, కాసేపటికి మళ్లీ చెప్పమనాలి. ఈ రోజు ఏమిటి, ఇప్పుడు ఎక్కడున్నామో అడగాలి.

కదలిక: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 14 సెకన్లలో పూర్తికాకపోతే శ్రద్ధ అవసరం. పక్కన ఒకరు నిలబడి ఉండాలి.

పోషణ: గత మూడు నెలల్లో తెలియకుండానే 3 కిలోలకు మించి బరువు తగ్గారా? ఆకలి పోయిందా? తూకం యంత్రం లేకపోతే జాకెట్టు, చొక్కా, గాజులు, ఉంగరం వదులవడమే గుర్తు.

చూపు, వినికిడి: శుక్లాలు ఉన్నాయా? పక్కనుంచి మెల్లగా చెప్పిన మాట వినపడుతోందా? చెవుడు మనిషిని నలుగురిలో ఒంటరిని చేస్తుంది. డిమెన్షియాకు సంబంధించి సరిదిద్దుకోదగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించింది. వాటిలో వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం, వాయుకాలుష్యం, మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. అన్నింటినీ అరికట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ కమిషన్ లెక్క.

మనసు: రెండు వారాలుగా దిగులుగా ఉంటున్నారా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా?

వీటిలో ఏది తేడాగా ఉన్నా అది రోగ నిర్ధారణ కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సూచన. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, నాటు మందులూ నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లాలి. మందుల జాబితాను తగ్గించడమే కొందరికి మొదటి చికిత్స అవుతుంది.

గడప దాకా వైద్యం రావాలంటే

కదలలేని మనిషి ఆసుపత్రికి రాలేరు. దుర్బలతలో ఉన్న అసలు చిక్కు ఇదే. ఎవరికి ఎక్కువ అవసరమో వారే ఓపీ వరసలో కనిపించరు. ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు ఒక బలం ఉంది. 2002లోనే ఆ రాష్ట్రం ‘మితానిన్’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో స్నేహితురాలు. ఊరివాళ్లే ఎంచుకున్న మహిళ ఇంటింటికీ వెళ్లి ఆరోగ్యం గురించి చెప్పే ఆ నమూనా, తర్వాత 2005లో దేశమంతటా వచ్చిన ఆశా వ్యవస్థకు ప్రేరణల్లో ఒకటైంది. గర్భిణుల కోసం, పసిపిల్లల కోసం గడప తొక్కే అదే స్నేహితురాలు అదే ఇంట్లోని అవ్వను కుర్చీలోంచి లేవమని అడగడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. శిక్షణ, సమయం, తగిన పారితోషికం, ఆమె పంపినవారిని చూసే ఒక వైద్యుడు కావాలి.

దేశవ్యాప్తంగా వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం 2010–11లో మొదలైంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల్లో వృద్ధుల సంరక్షణ కూడా ఒకటి. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ బీమా వర్తిస్తోంది. అయితే ఆ బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకే. తుంటి ఎముక విరిగాక ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది. విరగకుండా కాపాడే వ్యాయామం, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, గుడ్డు, పప్పు దాని పరిధిలోకి రావు. దుర్బలత మీద పోరాటం గెలిచేదీ ఓడేదీ ఆ ముందటి దశలోనే. నిరాదరణకు గురైన వృద్ధుల కోసం, సలహా కోసం 14567 నంబరుతో ఎల్డర్‌లైన్ పనిచేస్తోంది.

కుటుంబాలు చేయగలిగేదీ తక్కువేమీ కాదు. ప్రేమ పేరుతో పెద్దవాళ్ల చేతిలోంచి ప్రతి పనీ లాక్కోవడం వారికి మేలు చేయదు. కూరలు తరగడం, మొక్కలకు నీళ్లు పోయడం, మనవళ్లకు కథ చెప్పడం, గుడిదాకా నడిచి రావడం – ఇవన్నీ కండకూ మెదడుకూ ఒకేసారి దొరికే పని. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న దీపం, జారని చెప్పులు, పూటకో పప్పు గిన్నె, వారానికి కొన్నిసార్లు గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. రాయ్‌పూర్‌లోనైనా, రాజమండ్రిలోనైనా, వయసు పెరగడాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఎనభయ్యో ఏట మనిషి తన మంచం దగ్గర నుంచి తన వాకిలి దాకా తానే నడిచి రాగలరా, వచ్చినవారిని పేరుపెట్టి పిలవగలరా అన్నది చాలావరకు అంతకు ముందు పదేళ్లలో ఆ ఇల్లు, ఆ ఊరి ఆరోగ్య వ్యవస్థ ఏం చేశాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.